గ్లూ రికార్డు అంటే ఏమిటి? సొంత నేమ్ సర్వర్లు పెట్టుకునేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు, కడప, అనంతపురాల్లో వెబ్‌సైట్లు చేసిపెట్టేవారు, కాలేజీ ల్యాబుల్లో సర్వర్లు చూసుకునేవారు, చిన్నగా హోస్టింగ్ మొదలుపెట్టినవారు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. నేమ్ సర్వర్ అంటే డొమైన్ పేరుకు ఐపీ చిరునామా చెప్పే సర్వర్. గ్లూ రికార్డు గురించి అడిగితే చాలామంది "నేమ్ సర్వర్ ఐపీ" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ ముక్కతో రిజిస్ట్రార్ (డొమైన్ అమ్మే కంపెనీ) ప్యానెల్లో పని గడిచిపోతుంది. సైట్ ఆగిపోయిన రోజు మాత్రం ఎక్కడ వెతకాలో తెలియదు. అందుకే ఇక్కడ నిర్వచనం దగ్గర కాస్త ఎక్కువసేపే ఆగాను.

ఉదాహరణల కోసం ధర్మవరంలో ఒక పట్టుచీరల దుకాణం ఉందనీ, వారి డొమైన్ ఎగ్జాంపుల్.కామ్ అనీ అనుకుందాం. ఇలాంటి వివరణల కోసమే ఆ పేరును ఎవరికీ అమ్మకుండా పక్కన పెట్టారు. 192.0.2, 198.51.100 అంకెలతో మొదలయ్యే ఐపీలూ అంతే, వాటిని మీ సర్వర్లకు వాడకండి.

గ్లూ రికార్డు అంటే సూటిగా ఏమిటి?

జోన్ అంటే డొమైన్ పేర్లలో ఒకరి నిర్వహణ కింద ఉన్న భాగం. ఒక జోన్‌ను దాని పై జోన్ (ఎగ్జాంపుల్.కామ్‌కు .కామ్) కొన్ని నేమ్ సర్వర్లకు అప్పగిస్తుంది. ఆ నేమ్ సర్వర్ల పేర్లు అప్పగించిన జోన్ లోపలివే అయితే, వాటి ఐపీ చిరునామాలను పై జోన్ తన దగ్గర కూడా ఉంచుకుని, "అక్కడికి వెళ్లి అడుగు" అని దారి చూపేటప్పుడు జవాబుతో కలిపి ఇస్తుంది. అలా ఉంచుకున్న చిరునామా రికార్డే గ్లూ.

ఇందులో ఏ ముక్కా వదిలేయడానికి లేదు. గ్లూ అనేది చిరునామా రికార్డు. అంటే ఐపీవీ4కు ఏ (ఇంగ్లీషు A అక్షరం) రికార్డు, ఐపీవీ6కు క్వాడ్ ఏ (AAAA) రికార్డు. అది పై జోన్‌లో ఉంటుంది, కానీ దాని మీద పై జోన్‌కు అధికారం లేదు. దారి చూపే జవాబులో తప్ప ఇంకెక్కడా దానికి పని లేదు. 1987 నవంబరులో పాల్ మొకాపెట్రిస్ రాసిన ఆర్ఎఫ్‌సి (ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం) 1034లోనే ఈ సంగతులన్నీ ఉన్నాయి: గ్లూ అధికారిక సమాచారంలో భాగం కాదనీ, నేమ్ సర్వర్ పేరు అప్పగింత గీతకు కింద ఉన్నప్పుడే అవసరమనీ, దారి చూపే జవాబులోనే వాడతారనీ. ఇన్నేళ్ల తర్వాత కూడా నేను అంతకంటే తేటైన నిర్వచనం చూడలేదు.

అది లేకపోతే ఏమవుతుంది?

ధర్మవరం దుకాణం వారు తమ నేమ్ సర్వర్లకు ఎన్ఎస్1.ఎగ్జాంపుల్.కామ్, ఎన్ఎస్2.ఎగ్జాంపుల్.కామ్ అని పేర్లు పెట్టుకున్నారు. హిందూపురంలో ఎవరో ఫోన్‌లో ఆ సైట్ తెరిచారు. వారి ఇంటర్నెట్ కంపెనీ రిజాల్వర్ (పేర్లకు చిరునామాలు వెతికిపెట్టే సర్వర్) .కామ్ సర్వర్ల దగ్గరికి వెళ్లి ఎగ్జాంపుల్.కామ్ గురించి అడుగుతుంది. "నాకు తెలియదు, ఎన్ఎస్1.ఎగ్జాంపుల్.కామ్‌ను అడుగు" అని జవాబు వస్తుంది. దాన్ని అడగాలంటే ముందు దాని ఐపీ తెలియాలి. ఆ ఐపీ చెప్పాల్సింది ఎగ్జాంపుల్.కామ్ నేమ్ సర్వరే. ఆ నేమ్ సర్వర్ దగ్గరికి వెళ్లాలంటే మళ్లీ దాని ఐపీయే కావాలి. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు అన్న సామెత అచ్చంగా ఇక్కడ సరిపోతుంది.

.కామ్ సర్వర్ ఆ జవాబుతో పాటే "ఎన్ఎస్1 చిరునామా 192.0.2.10" అని కూడా చెప్పేస్తే ముడి విడిపోతుంది. గ్లూ చేసే పని ఇంతే. అది లేకపోతే రిజాల్వర్ కాసేపు తిరిగి, సర్వ్‌ఫెయిల్ అని చేతులెత్తేస్తుంది. వెబ్ సర్వర్ ఎంత బాగా నడుస్తున్నా ఆ దుకాణం ఇంటర్నెట్‌లో లేనట్టే.

అన్నా, మా దుకాణం సైటుకు గూడా గ్లూ పెట్టాల్నా?

చాలావరకు అక్కర్లేదు. మీ డొమైన్‌కు హోస్టింగ్ కంపెనీ నేమ్ సర్వర్లో, క్లౌడ్ కంపెనీ నేమ్ సర్వర్లో పెట్టుకుని ఉంటే, ఆ సర్వర్ల పేర్లు మీ డొమైన్ లోపలివి కావు. వాటి చిరునామా వాటి సొంత డొమైన్ ద్వారా దొరుకుతుంది. దానికి గ్లూ కావాలంటే చూసుకోవాల్సింది ఆ కంపెనీ. ఆదోని పత్తి వ్యాపారి అయినా, కడపలో క్లినిక్ నడిపే డాక్టర్ అయినా సైట్ కోసం గ్లూ జోలికి పోవాల్సిన పని లేదు. మీ సొంత డొమైన్ పేరు మీదే నేమ్ సర్వర్లు నడపాలనుకున్నప్పుడే ఇది మీ బాధ్యత అవుతుంది.

ఇన్-డొమైన్, సిబ్లింగ్, అన్‌రిలేటెడ్ అంటారు కదా, ఏమిటవి?

నేమ్ సర్వర్ పేరు ఎక్కడిది అన్నదాన్ని బట్టి చేసిన విభజన ఇది. డిఎన్ఎస్ (డొమైన్ పేర్ల వ్యవస్థ) పదజాలాన్ని ఒకచోట చేర్చిన ఆర్ఎఫ్‌సి 9499లో, అంటే 2024 మార్చిలో వచ్చినదాంట్లో, ఈ మాటలు ఉన్నాయి. అంతకుముందు ఇన్-బెయిలివిక్, అవుట్-ఆఫ్-బెయిలివిక్ అనేవారు. ఒక్కో మనిషి ఒక్కో అర్థంలో వాడడంతో ఆ మాటలు ఎవరికీ స్పష్టంగా లేకుండా పోయాయి.

ఎగ్జాంపుల్.కామ్‌కు ఎన్ఎస్1.ఎగ్జాంపుల్.కామ్ నేమ్ సర్వర్ అయితే అది ఇన్-డొమైన్. గ్లూ తప్పనిసరి. అదే డొమైన్‌కు .కామ్ కిందే ఉన్న వేరే డొమైన్ వారి సర్వర్ పెట్టుకుంటే అది సిబ్లింగ్. ఇద్దరి పై జోన్ ఒక్కటే కాబట్టి .కామ్ సర్వర్ దగ్గర ఆ చిరునామా ఉండవచ్చు, ఇవ్వవచ్చు, మామూలుగా అయితే లేకున్నా పని ఆగదు. పూర్తిగా వేరే చోటి పేరు, ఉదాహరణకు .ఆర్గ్ కింద ఉన్న సర్వర్ అయితే అది అన్‌రిలేటెడ్. దానికి .కామ్ దగ్గర గ్లూ ఉంచడంలో అర్థం లేదు.

సిబ్లింగ్ విషయంలో ఒక చిక్కుంది. రెండు డొమైన్లు ఒకదాని నేమ్ సర్వర్లను మరొకటి వాడుకుంటూ ఉంటే, రెండింటికీ సొంత సర్వర్ ఒక్కటీ లేకపోతే, సిబ్లింగ్ గ్లూ వస్తే తప్ప రెండూ తెరుచుకోవు. ఇద్దరు స్నేహితులు "నీది నేను చూస్తా, నాది నువ్వు చూడు" అని ఇలా పెట్టుకోవడం ఉంటుంది. దయచేసి అలా పెట్టుకోకండి. ఇద్దరిలో ఎవరో ఒకరు తమ డొమైన్‌కు తమ పేరుతోనే ఉన్న సర్వర్ కనీసం ఒకటి చేర్చుకోవాలి.

అసలైన ఉదాహరణ చూడాలంటే రూట్ జోన్ (.కామ్, .నెట్ లాంటివాటన్నిటికీ పై జోన్) చాలు. .కామ్, .నెట్ రెండింటికీ ఒకే సర్వర్లు: ఏ.జిటిఎల్‌డి-సర్వర్స్.నెట్ నుంచి ఎం.జిటిఎల్‌డి-సర్వర్స్.నెట్ వరకు పదమూడు పేర్లు. అవి .నెట్ కింద ఉన్నాయి కాబట్టి .నెట్ అప్పగింతకు ఇన్-డొమైన్, .కామ్ అప్పగింతకు సిబ్లింగ్. సర్వర్ అదే, చిరునామా అదే, ఏ జోన్ వైపు నుంచి చూస్తున్నామన్నదే తేడా. ఈ ఒక్క ఉదాహరణ అర్థమైతే ఈ విభజన మరి మరిచిపోరు.

ఎన్ఎస్ రికార్డును కూడా గ్లూ అనవచ్చా?

ఎన్ఎస్ రికార్డు అంటే ఒక జోన్‌కు నేమ్ సర్వర్ ఏదో చెప్పే రికార్డు. దాన్నీ కొందరు గ్లూ అంటారు, అది పూర్తిగా ఆధారం లేని మాట కాదు. 1997 జులైలో వచ్చిన ఆర్ఎఫ్‌సి 2181 గ్లూ అన్న మాటను విశాలంగా వాడింది. జోన్ ఫైల్లో ఉండి కూడా ఆ జోన్‌కు చెందని రికార్డులన్నీ, అప్పగింత ఎన్ఎస్ రికార్డులతో సహా, అక్కడ గ్లూ కిందికే వచ్చాయి. కానీ ఆ పత్రం సందర్భం వేరు: ఏ సమాచారాన్ని ఎంత నమ్మాలో రిజాల్వర్‌కు వరుస చెప్పడం. రోజువారీ పనిలో 1034 చెప్పిన ఇరుకు అర్థమే వాడండి: ఎన్ఎస్ అనేది అప్పగింత, దాని వెంట వచ్చే చిరునామా గ్లూ. రిజిస్ట్రార్‌కు ఫిర్యాదు రాసేటప్పుడు రెండూ కలిపి రాస్తే వాళ్లు ఎన్ఎస్ సరిచూసి "అంతా బాగుంది" అని టికెట్ మూసేస్తారు.

జవాబులో అదనపు రికార్డులు వచ్చే అడిషనల్ భాగంలో కనబడే ప్రతి చిరునామా గ్లూయేనా?

కాదు. మెయిల్ కోసం ఎంఎక్స్ రికార్డు అడిగితే, మెయిల్ సర్వర్ చిరునామాను కూడా కొన్ని సర్వర్లు అడిషనల్ భాగంలో పెట్టి పంపుతాయి. అది అడిగినవారికి ఒక ప్రయాణం తప్పించే సాయం మాత్రమే. అప్పగింత లేని చోట గ్లూ లేదు.

రిజిస్ట్రార్ ప్యానెల్లో గ్లూ అన్న మాటే కనబళ్లేదు. యాడ పెట్టాల?

ఒక్కో చోట ఒక్కో పేరు ఉంటుంది. మన దగ్గర ఎక్కువగా చైల్డ్ నేమ్ సర్వర్లు అని ఉంటుంది. ప్రైవేట్ నేమ్ సర్వర్, హోస్ట్ రికార్డ్, రిజిస్టర్ నేమ్ సర్వర్ అన్నవీ అదే పనికి. అక్కడ పేరు, దాని ఐపీ ఇస్తే, రిజిస్ట్రార్ దాన్ని ఈపీపీ అనే ప్రోటోకాల్ ద్వారా రిజిస్ట్రీకి (.కామ్ లాంటి పై జోన్‌ను నడిపే సంస్థకు) హోస్ట్ ఆబ్జెక్ట్‌గా పంపుతారు. రిజిస్ట్రీ దాన్ని జోన్‌లోకి ఎక్కిస్తుంది.

వరుస ముఖ్యం. ముందు మీ సర్వర్ల మీద జోన్ సిద్ధం చేయండి. అందులో ఎన్ఎస్ రికార్డులు, ఆ ఎన్ఎస్ పేర్లకు ఏ రికార్డులు రెండూ ఉండాలి. తర్వాత చైల్డ్ నేమ్ సర్వర్లు నమోదు చేయండి. చివరికి డొమైన్ నేమ్ సర్వర్లుగా వాటిని ఎంచుకోండి. చాలామంది మూడోది ముందు చేసి, అలాంటి హోస్ట్ లేదని ప్యానెల్ తిరగ్గొడితే కంగారుపడతారు.

తెలుగులోనే ఉన్న .భారత్ డొమైన్లకు కూడా ఇదేనా?

ఇదే. తెలుగు అక్షరాల పేరు డిఎన్ఎస్‌లోకి వెళ్లేటప్పుడు ఎక్స్ఎన్, రెండు హైఫన్లతో మొదలయ్యే ఇంగ్లీషు అక్షరాల రూపంలోకి మారుతుంది. గ్లూ ఆ రూపంలోనే ఉంటుంది. వెతికేటప్పుడు ఆ రూపంలోనే వెతకండి.

నేమ్ సర్వర్ ఐపీ మార్చినాను. సైట్ కొందరికి వస్తాంది, కొందరికి రాల్యా. ఏం జరుగుతాంది?

ఈ ప్రశ్న వచ్చినంతగా మరే ప్రశ్నా రాదు. నూటికి తొంభై సార్లు అని అంకె చెప్పను గానీ, నేను మొదట చూసేది మాత్రం ఎప్పుడూ ఒక్కటే: ఐపీని మీ జోన్‌లో మాత్రమే మార్చి, రిజిస్ట్రార్ దగ్గర పాతదే వదిలేశారా?

నేమ్ సర్వర్ చిరునామా రెండు చోట్ల ఉంటుంది. మీ జోన్‌లో ఉన్నది అధికారికం. పైన ఉన్నది గ్లూ. ఒకటి మారిస్తే రెండోది దానంతట అది మారదు. ఈ రెండింటినీ కలిపే యంత్రాంగం మామూలుగా ఏదీ ఉండదు. కొత్తగా వచ్చిన రిజాల్వర్ పైనుంచి మొదలవుతుంది కాబట్టి పాత ఐపీకి వెళ్లి తలుపు కొడుతుంది. ఇంతకుముందే మీ సర్వర్‌ను కలిసిన రిజాల్వర్ దగ్గర అధికారిక చిరునామా దాచి ఉండవచ్చు. అది కొత్త ఐపీకి వెళుతుంది. గ్లూ కంటే అధికారిక సమాచారాన్ని ఎక్కువ నమ్మాలని ఆర్ఎఫ్‌సి 2181 చెప్పిన వరుస ఇదే. పై జోన్ చెప్పినదాన్నే పట్టుకుని నడిచే రిజాల్వర్లూ ఉన్నాయి. అందుకే కర్నూలు రాజ్‌విహార్ సెంటర్లో ఒక సిమ్‌తో తెరుచుకున్న సైట్, పక్కనే నిలబడిన మనిషి వేరే సిమ్‌తో తెరుచుకోదు. ఫోన్ తప్పు కాదు, బ్రౌజర్ తప్పూ కాదు.

సరైన పద్ధతి చెబుతాను. కొత్త ఐపీ మీద నేమ్ సర్వర్‌ను పూర్తి సమాచారంతో లేపండి, పాతదాన్ని ఆపకండి. జోన్‌లో ఏ రికార్డు, రిజిస్ట్రార్ దగ్గర గ్లూ, రెండూ అదే రోజు మార్చండి. తర్వాత ఓపిక పట్టండి. .కామ్ జోన్‌లో అప్పగింత రికార్డుల టీటీఎల్ (రిజాల్వర్ ఒక జవాబును దాచుకోగల గడువు) 1,72,800 సెకన్లు, అంటే రెండు పూర్తి రోజులు. ఆ అంకె మీ చేతిలో లేదు. మీ జోన్‌లో టీటీఎల్‌ను 300కు తగ్గించుకున్నా పైన ఉన్నది తగ్గదు. కాబట్టి పాత సర్వర్‌ను కనీసం ఆ రెండు రోజులు, నన్నడిగితే ఒక వారం, నడవనివ్వండి. అద్దె మిగులుతుందని అదే సాయంత్రం పాత సర్వర్ ఆపేయడం వల్లే ఈ అవస్థలన్నీ.

గ్లూ సరిగా ఉందో లేదో ఎలా చూడాలి?

8.8.8.8 లాంటి పబ్లిక్ రిజాల్వర్‌ను అడిగితే తెలియదు. అది వెతికి తెచ్చిన చివరి జవాబు ఇస్తుంది. గ్లూ చూడాలంటే పై జోన్ సర్వర్‌నే నేరుగా అడగాలి. డిఎన్ఎస్ సర్వర్లను నేరుగా అడగడానికి వాడే డిగ్ కమాండ్‌లో నోరికర్స్ ఆప్షన్ పెట్టి, ఏ.జిటిఎల్‌డి-సర్వర్స్.నెట్‌ను మీ .కామ్ డొమైన్ ఎన్ఎస్ గురించి అడగండి. వచ్చిన జవాబులో ఆన్సర్ భాగం ఖాళీగా, అథారిటీ భాగంలో ఎన్ఎస్ పేర్లు, అడిషనల్ భాగంలో ఐపీలు ఉంటాయి. ఆ ఐపీలే గ్లూ. పైన ఫ్లాగుల్లో ఏఏ ఉండదు, అంటే "ఇది నా అధికారిక జవాబు కాదు" అని సర్వరే చెబుతోంది.

తర్వాత ఆ ఐపీనే నేరుగా, ఎన్ఎస్1 ఏ రికార్డు గురించి అడగండి. ఇప్పుడు ఏఏ ఫ్లాగుతో జవాబు రావాలి, అందులో ఐపీ గ్లూతో సరిపోవాలి. రెండు జవాబులూ పక్కపక్కన పెట్టి చూడడం అలవాటు చేసుకుంటే సగం ఫోన్ కాల్స్ తగ్గుతాయి.

మాది ఇంజినీరింగ్ కాలేజీ. డిపార్ట్‌మెంటుకు సొంత సబ్‌డొమైన్ ఇచ్చాం. ఇక్కడ రిజిస్ట్రార్ లేడు కదా, గ్లూ ఎవరు పెట్టాలి?

మీరే. గ్లూ అంటే రిజిస్ట్రార్ ప్యానెల్ వ్యవహారం అనుకోవడం వల్ల ఇది తట్టదు. అనంతపురంలో ఒక కాలేజీ డొమైన్ ఎగ్జాంపుల్.ఆర్గ్ అనుకోండి. సిఎస్ఇ విభాగం వారు తమ ల్యాబ్ సర్వర్ మీదే సిఎస్ఇ.ఎగ్జాంపుల్.ఆర్గ్ జోన్ నడుపుకుంటామన్నారు, సర్వర్ పేరు ఎన్ఎస్1.సిఎస్ఇ.ఎగ్జాంపుల్.ఆర్గ్. కాలేజీ జోన్ ఫైల్లో ఒక ఎన్ఎస్ లైను, దాని కింద 198.51.100.20 అని ఒక ఏ లైను రాయాలి. ఆ ఏ లైనే గ్లూ. మీ ఫైల్లో మీ చేత్తో రాసినా అది మీ జోన్ సమాచారం కాదు. సిఎస్ఇ వారి జోన్‌లో ఉన్నదే అసలు.

బైండ్ అనే నేమ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ వాడేవారు ఫైల్‌ను నేమ్‌డ్-చెక్‌జోన్‌తో పరీక్షిస్తే చిరునామా లేని ఎన్ఎస్ పేరు గురించి చెబుతుంది. విద్యార్థులకు డిఎన్ఎస్ నేర్పేవారికి నా మనవి: రెండు వర్చువల్ మెషీన్లు పెట్టి, ఆ ఏ లైను తీసేసి, ఏం జరుగుతుందో వారి కళ్లతో చూడనివ్వండి. పుస్తకంలో పేజీలు చదివినా రాని స్పష్టత ఆ ఒక్క ల్యాబ్ పీరియడ్‌లో వస్తుంది.

ఎన్ఎస్1, ఎన్ఎస్2 రెండింటికీ ఒకే ఐపీ ఇవ్వవచ్చా?

ప్యానెల్ ఒప్పుకోవచ్చు. కానీ అది ఒక్క సర్వరే. రెండు అడగడంలో ఉద్దేశం ఒకటి పడిపోతే ఇంకొకటి నిలబడాలని. వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు నెట్‌వర్కుల్లో పెట్టమని 1997లోనే ఆర్ఎఫ్‌సి 2182 చెప్పింది. మే నెలలో కరెంటు పోయే మన ఊళ్లలో రెండు సర్వర్లూ ఒకే గదిలో, ఒకే ఇన్వర్టర్ మీద పెట్టుకోవడం నాకు ఏమాత్రం నచ్చదు. ఇక ఆఫీసు బ్రాడ్‌బ్యాండ్ మీద, రోజుకో ఐపీ మారే కనెక్షన్ మీద నేమ్ సర్వర్ పెట్టాలన్న ఆలోచన వదిలేయండి. గ్లూకు స్థిరమైన ఐపీ కావాలి.

ఐపీవీ6 గ్లూ కూడా పెట్టాలా?

మీ సర్వర్‌కు ఐపీవీ6 నిజంగా పనిచేస్తుంటే పెట్టండి. పనిచేయని చిరునామా పెడితే లేనిదానికంటే చేటు. రూట్ సర్వర్ల ఐపీవీ6 చిరునామాలు కూడా 2008 ఫిబ్రవరి 4నే రూట్ జోన్‌లోకి మొదటిసారి చేరాయి.

గ్లూ ఎక్కువైతే జవాబులో పట్టదంటారు, నిజమేనా?

డిఎన్ఎస్ మామూలుగా వాడే యూడీపీ అనే రవాణా పద్ధతిలో జవాబుకు పాత హద్దు 512 బైట్లు. నేమ్ సర్వర్లు ఎక్కువై, ఒక్కోదానికి రెండు చిరునామాలుంటే అది దాటిపోతుంది. అప్పుడు కొన్ని సర్వర్లు గ్లూలో కొంత చెప్పాపెట్టకుండా వదిలేసేవి. 2023 సెప్టెంబరులో వచ్చిన ఆర్ఎఫ్‌సి 9471 దీన్ని తేల్చింది: ఇన్-డొమైన్ గ్లూ ఉన్నదంతా ఇవ్వాలి, పట్టకపోతే టీసీ ఫ్లాగు (జవాబు పూర్తిగా పట్టలేదన్న గుర్తు) పెట్టి, అడిగేవారు టీసీపీ మీద మళ్లీ అడిగేలా చేయాలి. ఫైర్‌వాల్‌లో 53వ పోర్టు టీసీపీ మూసేసిన వారు దాన్ని తెరవాలి.

గ్లూను ఎవరైనా నకిలీ చేయగలరా? డిఎన్ఎస్‌సెక్ ఉంటే చాలదా?

డిఎన్ఎస్‌సెక్ అంటే డిఎన్ఎస్ జవాబుల మీద డిజిటల్ సంతకం పెట్టే పద్ధతి. గ్లూ మీద ఆ సంతకం ఉండదు. అది పై జోన్ అధికారిక సమాచారం కాదు కాబట్టి పై జోన్ సంతకం చేయదు. పై జోన్ సంతకం చేసేది కింది జోన్ తాళాన్ని గుర్తుపట్టించే డీఎస్ రికార్డు మీద. గ్లూ మార్చి మిమ్మల్ని వేరే సర్వర్‌కు పంపినా, అక్కడ మీ తాళంతో చేసిన సంతకం ఉండదు గనుక, సరిచూసే రిజాల్వర్ ఆ జవాబును కొట్టేస్తుంది. సైట్ ఆగవచ్చు గానీ, అలాంటి రిజాల్వర్ వాడేవారు దొంగ సైట్‌కు పోరు.

ఈ భయం ఊరికే పుట్టలేదు. 1997లో యూజీన్ కాష్‌ప్యురెఫ్ అనే అతను జవాబుల వెంట అదనపు రికార్డులు చొప్పించి అప్పట్లో డొమైన్లు నమోదు చేసే ఇంటర్‌నిక్ సైట్‌కు వెళ్లేవారిని తన సైట్‌కు మళ్లించాడు. ఆ తర్వాతే రిజాల్వర్లు తమ పరిధికి బయటి చిరునామాలను తీసిపారేయడం గట్టిగా నేర్చుకున్నాయి. 2008లో డాన్ కమిన్‌స్కీ ఆ కాపలాను కూడా దాటే దారి చూపించాడు: లేని సబ్‌డొమైన్లను అడుగుతూ, పరిధి లోపలి పేర్లతోనే దొంగ జవాబులు పంపడం. అడిగే పోర్టును ప్రతిసారీ మార్చే పద్ధతి అందరూ పెట్టుకున్నది అప్పుడే.

గ్లూ సరిగానే ఉంది, అయినా సైట్ రావడం లేదు. అలా ఉంటుందా?

ఉంటుంది. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ గంటల తరబడి ఆగిపోయినప్పుడు జరిగింది అదే. ఫేస్‌బుక్.కామ్ నేమ్ సర్వర్లు ఇన్-డొమైన్, వాటి గ్లూ .కామ్ దగ్గర చెక్కుచెదరకుండా ఉంది. నిర్వహణ పనిలో ఇచ్చిన ఒక కమాండ్‌తో వారి అంతర్గత నెట్‌వర్క్ తెగిపోయింది, దాంతో నేమ్ సర్వర్ల ఐపీలకు దారి చెప్పే బీజీపీ ప్రకటనలు వెనక్కి పోయాయి. గ్లూ చిరునామా చెబుతుంది, అక్కడికి రోడ్డు ఉందో లేదో దానికి తెలియదు. మీ విషయంలోనూ గ్లూ సరిపోయిందని తేలాక ఫైర్‌వాల్, 53వ పోర్టు, సర్వర్ మీద జోన్ లోడ్ అయిందా లేదా అన్నవి వరుసగా చూడండి.

సొంత నేమ్ సర్వర్లు మానేసి క్లౌడ్‌కు మారాను. పాత గ్లూ వదిలేయవచ్చా?

వదిలేయకండి. ముందు ఆ పాత పేర్లను ఇంకెవరైనా వాడుతున్నారా చూడండి. హోస్టింగ్ చేసినవారైతే మీ ఎన్ఎస్1 పేరు మీద ఖాతాదారుల డొమైన్లు ఇంకా ఆధారపడి ఉండవచ్చు. వారిని మార్చాక చైల్డ్ నేమ్ సర్వర్ తీసేయండి. పాత ఐపీ రేపు ఇంకెవరికో అద్దెకు పోతుంది, వారి సర్వర్ మీ ఖాతాదారుల పేరు మీద ఏ జవాబైనా ఇవ్వగలదు.

డొమైన్‌నే వదులుకుంటున్నవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వేరే డొమైన్లు మీ హోస్ట్ మీద ఆధారపడి ఉంటే రిజిస్ట్రీ మీ డొమైన్‌ను తొలగించనివ్వదు. అప్పుడు కొందరు రిజిస్ట్రార్లు ఆ హోస్ట్‌కు వేరే ఏదో పేరు పెట్టి పక్కకు తప్పిస్తారు. ఆ కొత్త పేరు ఎవరూ కొనని డొమైన్ కింద ఉంటే, దాన్ని కొన్న మనిషి చేతికి ఆ డొమైన్లన్నీ చిక్కుతాయి. ఇలా ప్రమాదంలో పడ్డ డొమైన్లు లక్షల్లో ఉన్నాయని 2021లో పరిశోధకులు బయటపెట్టారు. మీ మీద నమ్మకంతో నేమ్ సర్వర్ పెట్టుకున్న పులివెందుల, నంద్యాల, గుత్తి దుకాణాల వారికి డొమైన్ గడువు ముగియకముందే ఫోన్ చేసి చెప్పండి.